అర్జీలో ఆగిపోయిన వాక్యం

మార్చి నెల వస్తే మా ఊళ్ళో ఇళ్ళకంటే కల్లాల్లోనే మనుషులు ఎక్కువ కనపడతారు. ఎండిన మిరపకాయల రాశి చుట్టూ ఆడవాళ్ళు ముక్కుకీ నోటికీ చెంగు బిగించుకుని వరసగా కూర్చుంటారు. నిగనిగలాడే కాయ ఒక పక్కకి, తెల్లబడ్డ తాలుకాయ ఇంకో పక్కకి. మాటలు మాటలే, చేతులు చేతులే. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ బస్తా విప్పి చూసే వ్యాపారి తాలు కనపడితే రేటు తెగ్గోస్తాడు కాబట్టి ఏది మంచికాయో ఏది తాలో తేల్చడంలో మా ఊరి ఆడవాళ్ళ కంటికి తిరుగులేదు.

కిందటేడు అట్లాంటి వరసలోంచి ఒకామె లేచి, చేతులైనా కడుక్కోకుండా మా ఇంటి అరుగు దగ్గరికొచ్చి నిలబడింది. నేను హైస్కూల్లో ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. పింఛను దరఖాస్తో, పాసుపుస్తకం గొడవో ఉంటే జనం నా దగ్గరికి వస్తూనే ఉంటారు. ఇదీ అలాంటిదే అనుకున్నాను.

"పోలీసోళ్ళకి ఒక అర్జీ రాయాలండీ మాస్టారూ" అంది.

విషయం ముక్కలు ముక్కలుగా చెప్పింది. కూతురు గుంటూరులో డిగ్రీ రెండో ఏడు. సంక్రాంతికి పరికిణీ, ఓణీ వేసుకుని ముగ్గు పక్కన దిగిన ఫొటో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకుంది. ఎవడో ఆ ముఖాన్ని తీసుకుని, ఏదో యాప్‌లో వేసి, ఒంటిమీద నూలుపోగు లేని బొమ్మ చేసి క్లాసు వాట్సాప్ గ్రూపులో వదిలాడు. "అది మా పిల్లది కాదండీ. ముఖం మాత్రం మా పిల్లదే. ఎట్టా రాస్తారో మరి" అంది.

కాగితం తీశాను. 'అయ్యా, నా కుమార్తె ఫొటోను' అని రాసి ఆగిపోయాను. అది ఆ పిల్ల ఫొటో కాదు. కొట్టేశాను. 'నా కుమార్తెది కాని ఫొటోను' అని రాశాను. ఆ పిల్లది కాకపోతే మరి అర్జీ దేనికి? అదీ కొట్టేశాను. వేల మంది పిల్లల వాక్యాలు దిద్దినవాణ్ణి, ఒక్క వాక్యం పూర్తి చేయలేక కలం మూసి పెట్టాను.

ముందు రోజే తల్లీకూతుళ్ళు ఒక ఠాణాకి వెళ్ళొచ్చారట. అక్కడున్నాయన దురుసుగా ఏమీ మాట్లాడలేదు. కూర్చోబెట్టాడు, మంచినీళ్ళిప్పించాడు. ఫోను చూసి ఒక్కటే అడిగాడు: "ఏమ్మా, ఇందులో ఉంది నువ్వేనా?"

ఆ పిల్ల ఏమని చెబుతుంది? అవునంటే బతుకు పోయినట్టే. కాదంటే, "మరి నీకొచ్చిన ఇబ్బందేమిటి?" అన్న మాట తర్వాత రానే వస్తుంది. తిరుగు బస్సులో ఊరొచ్చేదాకా నోరు విప్పలేదట.

అప్పట్నించీ ఆ ప్రశ్నే నన్ను పట్టుకుంది. అడిగినాయన తప్పు లేదు. ఆయన చేతిలో ఉన్న చట్టం కూడా అదే అడుగుతుంది.

మన భాషలో ఏకాంతం, గోప్యత అనే మాటలు పుస్తకాల్లోవి. ఇళ్ళల్లో ఉన్న మాట గుట్టు. గుట్టుగా కాపురం చేసుకుంటున్నారంటాం, ఇంటిగుట్టు లంకకు చేటంటాం. గుట్టు అంటే లోపల ఒక నిజం ఉంది, దాన్ని నలుగురి కళ్ళా పడకుండా దాచుకున్నాం అని. కిటికీ సందులోంచి తొంగిచూసినవాడు గుట్టు దొంగిలించినట్టు. మన సమాచార సాంకేతిక చట్టంలోని 66ఇ సెక్షను అచ్చం ఈ కిటికీ దొంగ కోసమే రాసింది. 2008 సవరణలో వచ్చింది, 2009 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. ఒకరి రహస్యాంగాల చిత్రాన్ని వాళ్ళ సమ్మతి లేకుండా తీసినా, ప్రచురించినా, పంపినా 3 ఏళ్ళ దాకా జైలు, లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. నిర్భయ ఘటన తర్వాత 2013లో శిక్షాస్మృతిలో చేర్చిన 354సి, దాని స్థానంలో ఇప్పుడున్న భారతీయ న్యాయసంహిత 77వ సెక్షను కూడా ఆ దొంగచూపు గురించే. ఒక గది ఉండాలి, అందులో ఒక మనిషి ఉండాలి, గోడకొక కన్నం ఉండాలి.

ఈ పిల్ల విషయంలో గదీ లేదు, కన్నమూ లేదు. ఎవరూ ఏమీ చూడలేదు, చూడటానికి అక్కడ ఏమీ జరగలేదు. గుట్టే లేనప్పుడు రట్టయిందేమిటి?

దీనికి దగ్గర మాట మన దగ్గర ఇంకొకటుంది, నీలాపనింద. వినాయక చవితినాడు అక్షింతలు చేతిలో పట్టుకుని వినే శమంతకమణి కథ. కృష్ణుడు మణి తీయలేదు. తీయలేదని చెప్పినా ద్వారక నమ్మలేదు. చివరికి నింద పడ్డవాడే అడవికి పోయి, సింహం అడుగుజాడలు వెతుక్కుని, గుహలో జాంబవంతుడితో రోజుల తరబడి పోరాడి మణిని తెచ్చి సత్రాజిత్తు చేతిలో పెట్టాల్సి వచ్చింది. చిన్నప్పట్నించీ ఈ కథ వింటూ, నింద వేసిన సత్రాజిత్తు ఎందుకు వెతకలేదని నేనెప్పుడూ అడగలేదు. ఆ రోజు అరుగు మీద కూర్చున్నప్పుడు అడగాలనిపించింది. అంతటి కృష్ణుడికే అంత పనైతే తాలుకాయలేరే తల్లి కూతురు ఏ గుహకి పోతుంది?

మా చిన్నతనంలో ఈ పని ఆకాశరామన్న చేసేవాడు. పెళ్ళి సంబంధం కుదిరిందని తెలియగానే మగపెళ్ళివారింటికి సంతకం లేని కార్డు ముక్క ఒకటి చేరేది. అందులో ఉన్నదంతా అబద్ధమని రాసినవాడికీ తెలుసు, చదివినవాళ్ళకీ సగం తెలుసు. అయినా సంబంధం తప్పిపోయేది. నిప్పు లేనిదే పొగ రాదు కదా అని ఎవరో ఒకరు అనేవారు. ఆ సామెతని పిల్లలకి వ్యాసాల్లో వాడటం నేర్పినవాణ్ణి నేనే. ఆకాశరామన్నకి ఇప్పుడు కార్డుముక్క అక్కర్లేదు, రంగుల బొమ్మే పంపుతున్నాడు.

అబద్ధమని తెలిస్తే గాయం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. అప్పుల యాప్‌ల సంగతి గుర్తుందా? 2022 సెప్టెంబరులో రాజమహేంద్రవరంలో ఒక జంట ప్రాణాలు తీసుకుంది. కట్టాల్సిన సొమ్ము కోసం నగ్నంగా మార్చిన ఫొటోలు బంధువులకి పంపుతామని బెదిరించారు. 2024 డిసెంబరులో విశాఖలో కొత్తగా పెళ్ళయిన కుర్రాడు పోయాడు. భార్య ఫొటోని మార్చి అతని ఫోనులో ఉన్న నంబర్లన్నిటికీ పంపారు. ఆ బొమ్మలు కట్టుకథలని పోయినవాళ్ళకంటే బాగా తెలిసినవాళ్ళెవరు? ఆ తెలివిడి వాళ్ళని కాపాడలేదు.

ఈ ఉపద్రవం దేశానికంతటికీ తెలిసొచ్చిన కేసులో మా జిల్లా పేరే ఉంది. 2023 నవంబరులో రష్మిక మందన్న వీడియో అంటూ ఒకటి గుప్పుమంది. నల్లటి బిగుతు దుస్తుల్లో లిఫ్టులోకి వస్తున్న అమ్మాయి. ఒళ్ళు బ్రిటన్‌లో ఉండే వేరొక భారతీయ యువతిది, అక్టోబరులో ఆమే పెట్టుకున్న వీడియో. ముఖం రష్మికది. ఢిల్లీ పోలీసులు వందల ఖాతాలు జల్లెడపట్టి, 2024 జనవరి 20న అరెస్టు ప్రకటించారు. దొరికింది మా గుంటూరు జిల్లా కుర్రాడు, బీటెక్ చదివినవాడు, 24 ఏళ్ళవాడు. పోలీసుల మాట ప్రకారం అతను ఆ నటికి అభిమాని, ఆమె పేరిట పేజీ నడుపుతున్నాడు. ఈ వీడియోతో అనుచరులు 90 వేల నుంచి 1 లక్షా 8 వేలకి పెరిగారు.

పగా కాదు, డబ్బు కోసమూ కాదు, అభిమానంతోనట! యార్డు మీద బతికేవాళ్ళకి ఈ లెక్క తెలుస్తుంది: పక్కవాడి టిక్కీలకంటే నా టిక్కీలు ఎక్కువ కనపడాలి, అంతే.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఆ కేసులో పెట్టిన సెక్షన్లు. 66సి, అంటే ఒకరి గుర్తింపు దొంగిలించడం. మన 66ఇ. వాటితోపాటు పాత శిక్షాస్మృతి 465, 469. గుంటూరు కోర్టులో వకీలుగా ఉన్న పాత శిష్యుడికి ఫోను చేసి అవేమిటని అడిగాను. "ఫోర్జరీ మాస్టారూ. దొంగ దస్తావేజులకి పెట్టే సెక్షను. రెండోది పరువు తీయడానికి చేసే ఫోర్జరీ" అన్నాడు.

దొంగ దస్తావేజంటే మా నల్లరేగడి జనానికి వివరించక్కర్లేదు. రాజధాని వస్తుందని ఎకరం కోట్లకి పోయిన రోజుల్లో చనిపోయిన తాతల వేలిముద్రలు కూడా లేచి వచ్చాయి. ఆడపిల్ల ముఖాన్ని కాపాడటానికి మన చట్టానికి చేతికందిన ఆయుధం పొలం కాగితాలని కాపాడేది! మొదట నవ్వొచ్చింది. తర్వాత అనిపించింది, తెలిసో తెలియకో చట్టం సరైన చోటే చెయ్యి పెట్టిందని. దొంగ దస్తావేజు కేసులో జడ్జిగారు "ఈ సంతకం చేసింది నువ్వేనా?" అని అడిగితే "కాదు" అన్న జవాబుతో కేసు మొదలవుతుంది. మా ఊరి పిల్లకి మాత్రం "కాదు" అన్న జవాబుతో కేసు ముగిసిపోతోంది.

అశ్లీలం కింద 67, 67ఎ సెక్షన్లున్నాయి కదా అన్నాడు శిష్యుడు. ఉన్నాయి. లైంగిక చిత్రాలు ప్రచారం చేస్తే 67ఎ కింద మొదటిసారికే 5 ఏళ్ళ దాకా జైలు, 10 లక్షల దాకా జరిమానా. బొమ్మ అసలుదా నకిలీదా అన్న పేచీ కూడా అక్కడ లేదు. కానీ ఆ నేరం ఎవరికి జరిగినట్టు? లోకం కంటికి, సమాజ నీతికి. ఆ లెక్కన పిల్ల బాధితురాలు కాదు, చెడ్డ బొమ్మలో ఉన్న మనిషి. పైగా పంచితేనే నేరం. చేసి దగ్గర పెట్టుకుని బెదిరించకుండా నవ్వుకుంటూ కూర్చున్నవాడిని ఏ సెక్షనూ తాకదు.

అలా రాయడం మన శాసనకర్తలకి చేతకాదనీ కాదు. పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సోలో 2019 సవరణ ఉంది. అసలు పిల్లల్లాగే కనపడే కంప్యూటర్ బొమ్మలూ, మార్చి తయారుచేసినవీ కూడా నేరం కిందికే వస్తాయని విడమరచి రాశారు. అంటే 17 ఏళ్ళ పిల్ల విషయంలో, ఒళ్ళు ఎవరిదన్న ప్రశ్న లేకుండానే చట్టానికి అర్థమైంది. 18 నిండిన మర్నాటి పొద్దున్నించి అర్థం కావడం మానేసింది. ఈ పిల్లకి 19.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పేరు చూసి ఆశపడ్డాను. మనిషి తనంతట తాను బహిరంగంగా పెట్టుకున్న సమాచారానికి అది వర్తించదట. ముగ్గు పక్కన దిగిన ఫొటో పెట్టుకోవడమే పిల్ల చేసిన పొరపాటన్నమాట.

ఈ సందర్భంలో నాకు గుంటూరే మళ్ళీ గుర్తొచ్చింది. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక రాజధాని కర్నూలుకి, హైకోర్టు గుంటూరుకి దక్కాయి. 1954 జులైలో ఇక్కడ మొదలైన ఆ కోర్టుకి తొలి ప్రధాన న్యాయమూర్తి రాజమండ్రివాడైన కోకా సుబ్బారావుగారు. తర్వాత సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 1962లో ఖడక్ సింగ్ అనే ఆయన కేసు వచ్చింది. దోపిడీ కేసులో సాక్ష్యాల్లేక విడుదలైన మనిషి మీద పోలీసులు రికార్డు తెరిచి, అర్ధరాత్రుళ్ళు తలుపు కొట్టేవారు. ఇంటికి రావడం తప్పేగానీ గోప్యత రాజ్యాంగం ఇచ్చిన హక్కు కాదన్నారు మెజారిటీ న్యాయమూర్తులు. సుబ్బారావుగారు, ఆయనతోపాటు జస్టిస్ షా ఒప్పుకోలేదు. నిఘా నీడలో బతికే మనిషి ఎటు తిరిగినా స్వేచ్ఛగా తిరగలేడనీ, మనసుకి వేసిన సంకెల ఒంటికి వేసిన సంకెలకంటే ఎక్కువ కట్టిపడేస్తుందనీ ఆయన వాదన సారాంశం. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో 9 మంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా చెప్పారు. సుబ్బారావుగారి మాట నిలవడానికి 55 ఏళ్ళు పట్టింది.

ఒంటిని ముట్టుకోకుండా కూడా మనిషిని బంధించవచ్చన్న ఆ ఊహే ఈ కేసుకి కావలసింది. ఆ పిల్ల ఒంటిమీద ఎవరి చెయ్యీ పడలేదు. కానీ కాలేజీ గేటు దాకా పోయి వెనక్కొచ్చింది. గ్రూపులో ఉన్న నలభై మందిలో ఎవరు చూశారో, ఎవరు చూసి చెరిపేశారో, ఎవరు దాచుకున్నారో తెలియక ప్రతి ముఖాన్నీ వెతుక్కుంటోంది. దక్షిణ కొరియా 2024లో ఇలాంటి బొమ్మల్ని దగ్గర పెట్టుకున్నా, చూసినా 3 ఏళ్ళ దాకా జైలన్నది. నలభై మంది కుర్రాళ్ళని జైలుకి పంపాలని నాకు లేదు. వాళ్ళలో నా శిష్యుల పిల్లలూ ఉంటారు. ఒక్కడైనా "తీసెయ్‌రా" అని ఉంటే బాగుండేదని మాత్రం ఉంది.

పెద్దవాళ్ళకి దారులు తెరుచుకుంటున్నాయి. 2025 సెప్టెంబరులో నాగార్జున ఢిల్లీ హైకోర్టుకి, చిరంజీవి హైదరాబాద్ సివిల్ కోర్టుకి వెళ్ళి తమ పేరూ ముఖమూ గొంతూ ఇతరులు వాడకుండా ఉత్తర్వులు తెచ్చుకున్నారు. ఆ తర్వాత నెలలో అసభ్యమైన డీప్‌ఫేక్ వీడియోల మీద చిరంజీవి సైబర్ పోలీసులకి ఫిర్యాదు కూడా చేశారు. చేయాల్సిందే. అంతటి మనిషికే తప్పలేదంటే తీవ్రత తెలుస్తుంది. కాకపోతే ఆ హక్కు ఎక్కువగా ముఖానికి ఉన్న గిరాకీ మీద నిలబడింది. తారల ముఖం అమ్ముడుపోతుంది, అందుకని దాన్ని దొంగిలిస్తే నష్టం లెక్కకొస్తుంది. కల్లంలో కూర్చున్నామె కూతురి ముఖానికి బజారులో రేటెంత?

కేంద్రం కదలలేదని అనను. 2021 నిబంధనల్లోనే మార్ఫింగ్ ఫొటోలని 24 గంటల్లో తీసేయాలని ఉంది. 2026 ఫిబ్రవరి 20 నుంచి ఇలాంటి నగ్న చిత్రాలకి ఆ గడువు 2 గంటలకి తగ్గింది, ఏఐతో చేసినవాటిమీద ఆ సంగతి తెలిపే లేబుల్ ఉండాలన్నారు. గడువు మంచిదే. లేబుల్ అనగానే మాత్రం మా పత్తి రైతులకి నవ్వొస్తుంది. నకిలీ విత్తనాల ప్యాకెట్టు మీద ఉన్నంత అందమైన లేబుల్ అసలు ప్యాకెట్టు మీద ఉండదు. మొక్క మోకాలెత్తు పెరిగి, కాయ పట్టని రోజునగానీ మోసం తెలియదు. 1966 విత్తన చట్టంలో మొదటి తప్పుకి జరిమానా 500 రూపాయలు మించదు. పొలం పోయినవాడు ఆ 500 సంగతి తలుచుకుని తలుచుకుని నవ్వుతుంటాడు.

ఇంకొక ఉపాయం ఉందని శిష్యుడు చెప్పాడు. స్టాప్‌ఎన్‌సీఐఐ అని బ్రిటన్ నుంచి నడిచే సేవ. బొమ్మని ఎవరికీ పంపక్కర్లేదు. మన ఫోనులోనే దానికొక వేలిముద్ర లాంటిది తయారవుతుంది, ఆ ముద్రని పెద్ద పెద్ద కంపెనీలకి ఇస్తారు. అదే ముద్ర ఉన్న బొమ్మ వాళ్ళ గడప తొక్కితే ఆపేస్తారు. తెలివైన పని. కానీ యంత్రం అదే ముఖంతో రేపు ఇంకో బొమ్మ చేస్తే దాని వేలిముద్ర వేరు.

మరి చట్టంలో ఏం రాయాలి? నేను వకీల్ని కాదు, తెలుగు మాస్టర్ని. నాకు తెలిసింది వాక్యం. ఒక మనిషి ముఖాన్నిగానీ గొంతునిగానీ వాడి, ఆ మనిషి ఒప్పుకోలు లేకుండా, నగ్నంగానో లైంగికంగానో చూపే బొమ్మని చేసినా చేయించినా పంచినా నేరం. ఇంతే. అది నిజమా కల్పితమా అన్న ఊసే అందులో ఉండకూడదు. అడగాల్సింది "నువ్వేనా?" అని పిల్లని కాదు, "ఎవరు ఒప్పుకున్నారు?" అని చేసినవాణ్ణి. వాక్యం ఇంతకంటే వెడల్పు కూడా కాకూడదు. 'ఏఐతో చేసిన అభ్యంతరకర చిత్రాలు' అని గాలికి వదిలేస్తే, రేపు ఎమ్మెల్యేగారి మీద కార్టూను వేసిన కుర్రాడే ముందు లోపలికి పోతాడు. అమెరికా 2025 మేలో చేసిన చట్టం అసలు ఫొటోనీ ఏఐ బొమ్మనీ ఒకే గాట కట్టింది. డెన్మార్క్ అయితే ప్రతి మనిషికీ తన ముఖం మీదా గొంతు మీదా హక్కు రాసిద్దామని ప్రతిపాదించింది, దస్తావేజు రాసిచ్చినట్టు.

ఆ రోజు సాయంత్రం ఆమె మళ్ళీ వచ్చింది. ఈసారి కూతుర్ని కూడా తీసుకొచ్చింది. పిల్ల అరుగు చివర స్తంభానికి ఆనుకుని కూర్చుంది. ఫోను చేతిలోనే ఉంది. ఇన్‌స్టాగ్రామ్‌లో తన ముఖం ఉన్నచోట ఇప్పుడు బంతిపువ్వు. సైబర్‌క్రైమ్ పోర్టల్లో పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయొచ్చట అన్నాను. "పేరు పెట్టే రాయండి తాతయ్యా" అంది, తలెత్తకుండా.

కొత్త కాగితం మీద రాసి చదివి వినిపించాను. 'నా కుమార్తె ముఖమును ఆమె అనుమతి లేకుండా వాడుకుని ఒక అసభ్యకరమైన బొమ్మను తయారుచేసి ఆమె తోటి విద్యార్థులకు పంపినారు. ముఖము ఆమెది. బొమ్మ చేసినవాడిది. చేసినవానిని పట్టుకుని విచారించవలెనని కోరుచున్నాను.'

"నువ్వేనా అని మళ్ళీ అడిగితే?" అంది తల్లి.

"ఈ కాగితం చూపించండి."

ఇంకుప్యాడ్ తెచ్చాను. బొటనవేలు అద్ది కాగితం మీద నొక్కింది. ముద్ర పడలేదు, నల్లటి మచ్చ పడింది. పాతికేళ్ళుగా కాయలు గిల్లి గిల్లి వేలి గీతలు అరిగిపోయాయి. రేషన్ షాపులో మిషను కూడా నాలుగుసార్లు నొక్కితేగానీ ఒప్పుకోదని చెప్పింది. చెంగుతో వేలు తుడుచుకుని, కళ్ళకి తగలకుండా జాగ్రత్తపడుతూ, కాగితం మీద మళ్ళీ పెట్టి గట్టిగా నొక్కింది.